స్లౌ స్టేషన్, ఐదో నంబరు ప్లాట్‌ఫాం

2006 ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం లండన్ పాడింగ్టన్ స్టేషన్లో నేను ఎక్కకూడని రైలెక్కేశాను. ఇంగ్లండ్ వచ్చి అప్పటికి మూడు వారాలు. మా కాపురం స్లౌ అనే ఊళ్లో. లండన్‌కి పడమర దిక్కున, రైల్లో వెళ్తే ముప్పై కిలోమీటర్ల లోపే. ఏదో కాగితాల పని మీద మొదటిసారి ఒక్కదాన్నే లండన్ వెళ్లి తిరిగొస్తున్నాను. అటువైపు వెళ్లే రైలు ప్రతిదీ స్లౌలో ఆగుతుందనుకున్నాను. రాజమండ్రిలో పెరిగినదాన్ని కదా, మెయిలైనా ఎక్స్‌ప్రెస్సైనా మా ఊళ్లో ఆగకుండా పోవడం ఎప్పుడూ చూడలేదు.

బయల్దేరిన పావుగంటకి దిగడానికి తలుపు దగ్గరకొచ్చి నిలబడ్డాను. రైలు వేగం తగ్గలేదు. స్టేషన్ బోర్డు మీద స్లౌ అన్న అక్షరాలు కళ్ల ముందే గీతలాగా సాగి వెనక్కి పోయాయి. గుండె జారిపోయింది. ఆ మరుక్షణంలోనే కుడివైపు కిటికీలో ఎర్ర ఇటుకల పెద్ద కట్టడం, ఆకాశంలోకి లేచిన పొగగొట్టం, గడియారం ఉన్న బురుజు, గోడ మీద పెద్ద పెద్ద అక్షరాలు కనిపించాయి. హార్లిక్స్ అని.

కంగారుకి వచ్చిన ఏడుపు అక్కడే ఆగిపోయింది. మాది రాజమండ్రి పక్కనే ధవళేశ్వరం. మా నాన్నగారు అక్కడి హార్లిక్స్ ఫ్యాక్టరీలో పనిచేశారు. ఆయన షిఫ్టు దిగి ఇంటికొచ్చి చొక్కా తీసి కొక్కేనికి తగిలిస్తే, ఆ చొక్కా నుంచి వేయించిన గింజల వాసన, పాల వాసన కలిసి వచ్చేవి. నేను చదివిన చదువంతా ఆ జీతంతోనే. దేశంకాని దేశంలో, దారి తప్పిన రైల్లో ఉన్నప్పుడు ఆ పేరు కిటికీలోంచి నన్ను చూసి వెళ్లింది. ఇంకోలా చెప్పడం నాకు చేతకాదు.

టికెట్లు చూసే పెద్దాయన వచ్చాడు. ఫైన్ వేస్తాడేమోనని వణుకుతూ టికెట్ చూపించాను. ఆయన నా మొహం చూసి, తర్వాత ఆగేది రీడింగ్ అని, అక్కడ దిగి ఆగుకుంటూ వెళ్లే బండి ఎక్కమని నెమ్మదిగా, రెండుసార్లు చెప్పాడు. నా టికెట్ వెనకాల పెన్నుతో ఏదో రాసి సంతకం పెట్టాడు. రీడింగ్‌లో ఎవరూ నన్ను ఏమీ అడగలేదు.

అలా వెనక్కొచ్చి దిగిన చోటే ఐదో నంబరు ప్లాట్‌ఫాం. దిగగానే ఎదురుగా గాజుపెట్టెలో ఒక కుక్క ఉంది. బొమ్మ అనుకున్నాను. కాదు, నిజం కుక్కే. చనిపోయాక లోపల దూది కూరి అలా నిలబెట్టి ఉంచారు. దాని పేరు జిమ్. మెడ నుంచి వీపు మీదకి పట్టీలు, వాటికి డబ్బులేసే పెట్టె. పక్కనే దాని కథంతా రాసిన పలక. ఆ సాయంత్రం చలిలో నిలబడి ఆ పలక మొత్తం చదివాకే ఇంటికెళ్లాను.

జిమ్‌ని మూడు నెలల పిల్లప్పుడు ఈ స్టేషన్‌కి తెచ్చారట. ఓవర్‌కోటు జేబులో పెట్టుకునేంత ఉన్ని ఉండలా ఉండేదట. దానికి నేర్పిన మొదటి విద్య పాదచారుల వంతెన మెట్లెక్కి అవతలికి వెళ్లడం. ఎంత బాగా నేర్చుకుందంటే, బతికున్నన్నాళ్లూ ఒక్కసారి కూడా పట్టాలు దాటలేదు. రైల్లో పనిచేస్తూ చనిపోయినవాళ్ల భార్యలకి, పిల్లలకి సాయం చేసే నిధి ఒకటి గ్రేట్ వెస్టర్న్ రైల్వేలో ఉండేది. వీపున పెట్టె కట్టుకుని ప్లాట్‌ఫాం మీద తిరుగుతూ ఆ నిధికి చందాలు పోగు చేయడమే జిమ్ ఉద్యోగం. నాణెం పడగానే ఒకసారి మొరిగేది. బంగారు నాణెం పడింది మొత్తం మీద ఒక్కసారే, అర సావరిన్. మిగతావి చాలావరకు పెన్నీలు, అర పెన్నీలు. ఆరోగ్యం అంత మంచిది కాకపోయినా రెండేళ్లలో నలభై పౌండ్ల దాకా కూడబెట్టింది. 1896 వేసవిలో సౌతాల్ అనే ఊళ్లో ఆసుపత్రి కోసం ఊరేగింపు జరిగితే, ఒక్క మధ్యాహ్నంలో 265 నాణేలు తెచ్చింది. అంటే 265 సార్లు మొరిగిందన్నమాట. ఎవరైనా వెలిగించిన అగ్గిపుల్ల కింద పడేస్తే గుర్రుమంటూ ఆర్పేసేదట. అదే ఏడు నవంబర్ 19 సాయంత్రం, వీపున ఆ పట్టీలతోనే, ప్లాట్‌ఫాం మీదే ఒక్కసారిగా కూలి చనిపోయింది. ఊరివాళ్లూ స్టేషన్ సిబ్బందీ తలా కొంత వేసుకుని దాన్ని ఇలా పదిలపరిచారు.

ఆ పలకలో ఇంకో ముక్క ఉంది. జిమ్ ఒకసారి ఏదో రైలెక్కి పాడింగ్టన్ వెళ్లిపోయిందట. ఒక గార్డు దాన్ని గుర్తుపట్టి వెంటనే తిరుగు బండి ఎక్కించి పంపేశాడట. టికెట్ మీద సంతకం పెట్టిన పెద్దాయన నాకు మళ్లీ గుర్తొచ్చాడు. అప్పటినుంచి ఆ స్టేషన్ నాకు పరాయిగా అనిపించలేదు.

రాత్రి కాలింగ్ కార్డు గీకి ఇంటికి ఫోన్ చేశాను. “నాన్నా, ఇక్కడ మీ ఫ్యాక్టరీ ఉంది” అన్నాను. అవతల కాసేపు మాట లేదు. “స్లౌలోనే కదమ్మా నువ్వుండేది? నేను స్లో అనో ఏదో అనుకున్నాను. అసలు ఫ్యాక్టరీ అదే. మా పెద్ద ఇంజినీర్లు మాటల్లో అనేవారు” అన్నారు. మూడు వారాల పాటు ఉత్తరాల అడ్రసులో రాసుకున్న ఊరి పేరూ, ఆయన ముప్పై ఏళ్ల ఉద్యోగంలో విన్న ఊరి పేరూ ఒకటేనని మా ఇద్దరికీ ఒకేసారి తెలిసింది.

తర్వాత నాకు లండన్‌లో ఉద్యోగం దొరికింది. పదకొండేళ్లు ఆ స్టేషన్లోంచే రాకపోకలు. దాని భవనాన్ని తీరిగ్గా చూసేవాళ్లు తక్కువ, అందరిదీ పరుగే. నేను చూసేదాన్ని. 1880ల నాటి కట్టడం. ఎర్ర ఇటుక గోడలు, పైన ఫ్రెంచి మేడల్లో ఉండేలాంటి గుమ్మటం కప్పు, ఆ కప్పు మీద పొలుసులు పొలుసులుగా పరిచిన పలకలు. వాన పడి ఆగాక ఎండ తగిలితే అచ్చం పులస వీపులా మెరిసేది. గోదావరి దగ్గర పుట్టినవాళ్లకి వేరే పోలిక రాదు.

పొద్దున ఏడున్నరకి ప్లాట్‌ఫాం మీద ఏ రైలుపెట్టె తలుపు ఎక్కడ ఆగుతుందో అందరికీ కొలత తెలుసు. అక్కడే నిలబడేవాళ్లం. పంజాబీ పెద్దలు, పోలండ్ నుంచి వచ్చిన పనివాళ్లు, మన కుర్రాళ్లు. వీపున లాప్‌టాప్ సంచి, చేతిలో టిఫిన్ డబ్బా కనిపిస్తే సగం మంది తెలుగువాళ్లే. “అక్కా, ఏడు నలభై క్యాన్సిలటండి” అని ఒకరు చెప్పేవారు. డబ్బాలోంచి ఇంగువ తాలింపు వాసన చుట్టుపక్కలకి పాకేది. గాలి వాటం కుదిరిన రోజున ఇంకో వాసన వచ్చేది, ఉడికిన గింజల తియ్యటి వాసన. అది మా నాన్నగారి చొక్కా వాసన. కళ్లు మూసుకుని నిలబడితే ధవళేశ్వరంలో మా వీధి అరుగు.

మా అబ్బాయి 2008లో పుట్టాడు. వాడికి మాటలు రావడంతోనే స్టేషన్ అనౌన్స్‌మెంట్ వచ్చేసింది. లండన్ వెళ్లే ఆగుకుంటూ పోయే బండి పేర్లు వరసగా చదివేవాడు: లాంగ్లీ, ఐవర్, వెస్ట్ డ్రేటన్, హేస్ అండ్ హార్లింగ్టన్, సౌతాల్, హాన్వెల్, వెస్ట్ ఈలింగ్, ఈలింగ్ బ్రాడ్‌వే, యాక్టన్ మెయిన్ లైన్, పాడింగ్టన్. ఫోన్లో అమ్మకి శతక పద్యం అప్పజెప్పినట్టు చేతులు కట్టుకుని చెప్పేవాడు. చివర ‘పాడింగ్టన్’ దగ్గర పెద్దగా అరిచేవాడు, అక్కడితో పద్యం అయిపోయినట్టు.

ఆ స్టేషన్ చరిత్ర నాకు ఊరి లైబ్రరీలో కొద్దికొద్దిగా తెలిసింది. 1838 జూన్ 4న ఈ లైను మొదలైనప్పుడు స్లౌలో స్టేషనే లేదు. పక్కనే, థేమ్స్ నదికి ఇవతలే, ఈటన్ కాలేజీ అనే మగపిల్లల బడి ఉంది. రైలొస్తే పిల్లలు పాడైపోతారని కాలేజీ పెద్దలు భయపడ్డారు, స్లౌలో స్టేషన్ కట్టకూడదని చట్టంలోనే రాయించారు. స్టేషన్ కట్టకూడదన్నారు గానీ బండి ఆపకూడదని అనలేదు కదా! రైల్వేవాళ్లు బండి ఆపి, దగ్గర్లో ఉన్న సారా కొట్టు గదిలో టికెట్లమ్మారు. కాలేజీ కోర్టుకెళ్లి ఓడిపోయింది. ఆ నెల్లోనే విక్టోరియా రాణి పట్టాభిషేకం చూడ్డానికి తమ పిల్లలకి ప్రత్యేక రైలు కావాలని అడిగిందీ ఆ కాలేజీయే. అసలు స్టేషన్ తెరిచింది 1840 జూన్‌లో. ఆ తర్వాత రెండేళ్లకి, 1842 జూన్ 13న, విక్టోరియా రాణి జీవితంలో మొదటిసారి రైలెక్కింది ఇక్కడే. బ్రిటన్‌లో రాజ్యమేలుతూ రైలెక్కిన మొదటి మనిషి ఆవిడ. విండ్సర్ కోట నుంచి గుర్రబ్బండిలో స్లౌ వచ్చి, పాడింగ్టన్ దాకా పాతిక నిమిషాల్లో వెళ్లింది. ఇంజను తోలింది డేనియల్ గూచ్, పక్కన నిలబడింది ఆ లైను కట్టిన బ్రూనెల్. నూట అరవై ఏళ్ల తర్వాత నేను వెళ్లిందీ దాదాపు అంతే సమయంలో, రోజూ, నిలబడి.

నాన్నగారూ అమ్మా 2009 వేసవిలో వచ్చారు. రిటైరై రెండేళ్లు. హీత్రూలో దిగి ఇంటికొచ్చి, స్నానం చేసి, అన్నం తిని, “పద తల్లీ” అన్నారు. ఎక్కడికని అడగలేదు నేను. ఎండ ఇంకా తెల్లగా ఉంది, అక్కడ జూన్‌లో రాత్రి తొమ్మిదింటి దాకా వెలుగే. ముతక ఖద్దరు చొక్కా, ప్యాంటు, కాళ్లకి మేజోళ్ల మీద చెప్పులు. మా అబ్బాయిని ఎత్తుకున్నారు.

ప్లాట్‌ఫాం పడమటి చివరకి తీసుకెళ్లాను. అక్కణ్ణించి పట్టాల వెంట చూస్తే కుడివైపు పొగగొట్టం, గడియారపు బురుజు. ఆయన పిల్లాణ్ణి నాకిచ్చి, కళ్లజోడు తుడుచుకుని పెట్టుకున్నారు. చాలాసేపు మాట్లాడలేదు. మెయిన్ లైన్ మీద బండ్లు గాలి చరిచినట్టు దూసుకుపోతున్నాయి, ఆయన అటు తిరగలేదు.

“ఎప్పటిదమ్మా ఇది?” అన్నారు.

“1908 నాన్నా. ఆ కంపెనీ పెట్టిన అన్నదమ్ములిద్దరూ ఈ దేశంవాళ్లే. ముందు అమెరికాలో మొదలెట్టి, తర్వాత ఒకాయన వెనక్కొచ్చి ఇది కట్టించారు.”

“ఇటుక చూడు. ఒక్కటి కదల్లేదు.” మళ్లీ కాసేపటికి, “పాలు ఎక్కణ్ణించి వస్తాయో? ఇక్కడ ఆవు పాలే అయ్యుంటాయి. మనది గేదె పాలు. అందుకే మనది చిక్కన” అన్నారు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన భుజాలు కొద్దిగా పైకి లేచాయి. ముప్పై ఏళ్లు రాత్రి షిఫ్టులు, పగటి షిఫ్టులు చేసిన మనిషి తన పనిని ఆ పొగగొట్టం పక్కన నిలబెట్టి కొలుచుకుంటున్నారు. తక్కువ తూగలేదు.

తర్వాత జిమ్ దగ్గరకి తీసుకొచ్చాను. పలక మొత్తం తెలుగులో చెప్పమన్నారు. చెప్పాను. నిధి సంగతి రాగానే చెయ్యెత్తి ఆపారు. “పోయినవాళ్ల పెళ్లాం పిల్లలకా?” అన్నారు. అవునన్నాను. ఆయనతో పనిచేసిన ఒకాయన చిన్న వయసులోనే పోతే, సెక్షన్‌లో అందరి దగ్గరా జీతాల రోజున పది, ఇరవై పోగు చేసి ఆ ఇల్లాలికి ఇచ్చొచ్చేది మా నాన్నగారే. ఎన్ని నెలలో నాకు గుర్తు లేదు. వీధి గుమ్మంలో కూర్చుని ఆ చిల్లర నోట్లు మడత తీసి సరిచేయడం మాత్రం గుర్తుంది. ఆ సంగతి ఆయన ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. చివర ముక్క చదివి వినిపించాక, “డ్యూటీలోనే పోయిందన్నమాట” అని, గాజు మీద అరచెయ్యి ఆనించి తీశారు. ఆ చెయ్యి అచ్చు గాజు మీద కాసేపు ఉండి పోయింది.

ఆ మూడు నెలల్లో ఆయన చాలాసార్లు స్టేషన్‌కి వెళ్లేవారు, నేను సాయంత్రం దిగే వేళకి. నేను దిగగానే బల్ల మీద నుంచి లేచేవారు. ఇద్దరం వంతెన మెట్లెక్కి ఇవతలికి వచ్చేవాళ్లం. ఆ మెట్ల మీద రోజుకో కథ చెప్పించుకునేవారు. ఆయనకి బాగా నచ్చింది తంతి కథ. స్లౌ నుంచి పాడింగ్టన్‌కి రైలు పట్టాల వెంట 1843లోనే టెలిగ్రాఫ్ తీగ వేశారు. 1845 జనవరి 1న జాన్ టావెల్ అనేవాడు స్లౌ దగ్గర ఒక ఆడమనిషికి విషం పెట్టి చంపి, స్టేషన్‌కొచ్చి లండన్ రైలెక్కాడు. రైలుని మించి వేగంగా పోయే బండి అప్పటికి లోకంలో ఏదీ లేదు, ఇక తప్పించుకున్నట్టే. కానీ స్లౌలో ఉన్నవాళ్లు తంతి కొట్టారు. వాడు క్వేకర్లనే క్రైస్తవ శాఖవాళ్లు వేసుకునే బట్టల్లో ఉన్నాడని, పాదాల దాకా పొడుగు కోటు ఉందని, ఫలానా పెట్టెలో ఉన్నాడని. చిక్కేమిటంటే ఆ యంత్రంలో ‘క్యూ’ అక్షరం లేదు. క్వేకర్ అన్న మాటని ‘కె’తో మొదలుపెట్టి పంపారు. పాడింగ్టన్‌లో అందుకున్న గుమాస్తాకి ముందు అర్థం కాలేదు, అర్థమయ్యాక రైలు కంటే ముందే పోలీసు సిద్ధంగా ఉన్నాడు. వెంట వెళ్లి మర్నాడు పట్టుకున్నారు. మార్చిలో ఉరి తీశారు. ప్రపంచంలో టెలిగ్రాఫ్ సాయంతో దొరికిన మొదటి హంతకుల్లో ఒకడు వాడు.

“ఒక అక్షరం లేకపోయినా పని ఆపలేదు చూశావా, ఆ తంతి కొట్టినవాడు” అనేవారు నాన్నగారు. హంతకుడి గురించి కాదు ఆయనకి, తంతి కొట్టినవాడి గురించే ఆలోచన.

వెళ్లే ముందు రోజు స్టేషన్ పక్కన టెస్కో అనే పెద్ద దుకాణంలో ఒక గాజు సీసా హార్లిక్స్ కొన్నారు. “మనవాళ్లకి రుచి చూపించాలి” అని. లుంగీల మధ్య చుట్టి సూట్‌కేసులో పెట్టారు. ధవళేశ్వరంలో, తనతోపాటు రిటైరైనవాళ్లని పిలిచి, అరుగు మీద కూర్చోబెట్టి, అమ్మ చేత కలిపించి ఇచ్చారట. అందరూ తాగి, మనదే చిక్కన అని తేల్చారట. ఆ తీర్పు ఫోన్లో చెప్పినప్పుడు ఆయన గొంతులో ఉన్న నిండుదనం నాకిప్పటికీ వినిపిస్తుంది.

తర్వాత ఊరు చకచకా మారింది. 2011లో స్టేషన్ ఎదురుగా వెండి అలలా ఉండే కొత్త బస్టాండు వచ్చింది. విలియం హెర్షెల్ అనే ఖగోళ శాస్త్రవేత్త 1800లో కంటికి కనపడని పరారుణ కిరణాలు కనిపెట్టింది ఈ ఊళ్లోనే, ఆ కాంతి తరంగాలని తలుచుకుంటూ ఆ కప్పు గీశారట. పట్టాల పైన కరెంటు తీగలు పడ్డాయి. 2017లో హార్లిక్స్ ఫ్యాక్టరీ మూసేస్తారని ప్రకటన వచ్చింది. అదే ఏడు మా ఆయన ఉద్యోగం మారి మేం బ్రిస్టల్ వెళ్లిపోయాం. ఫ్యాక్టరీ సంగతి నాన్నగారికి చెప్పడానికి నాకు వారం పట్టింది. “ఇక్కడ నడుస్తోందమ్మా” అన్నారు, నన్ను ఓదారుస్తున్నట్టు.

బ్రిస్టల్ నుంచి లండన్ వెళ్లే వేగం బండ్లు స్లౌలో ఆగవు. ఎడమవైపు కిటికీ సీటు చూసుకుని కూర్చుంటాను. రీడింగ్ దాటినప్పటి నుంచి చూస్తూ ఉంటే, థేమ్స్ మీద బ్రూనెల్ కట్టిన మెయిడెన్‌హెడ్ వంతెన వస్తుంది, ఆ తర్వాత కాసేపటికి పొగగొట్టం. రెప్ప వేస్తే పోతుంది.

నాన్నగారు 2021 మేలో పోయారు. కోవిడ్ రోజులు, వెళ్లే వీలు లేకపోయింది. ఎంతోమందిలాగే నేనూ ఫోన్ తెరలోనే చూశాను.

2023 వసంతంలో లండన్ వెళ్తూ రీడింగ్‌లో కావాలని దిగాను. ఊదా రంగు చారల ఎలిజబెత్ లైన్ బండి అక్కడే సిద్ధంగా ఉంది. ట్వైఫర్డ్, మెయిడెన్‌హెడ్, టాప్లో, బర్నమ్, ప్రతి చోటా ఆగుకుంటూ స్లౌ వచ్చింది. ఐదో నంబరు మీదే దిగాను. జిమ్ అలాగే ఉంది, పెట్టె వీపునే ఉంది. పలక మళ్లీ చదివాను, ఆఖరి వాక్యం వరకు. పడమటి చివరికి నడిచాను. పొగగొట్టం ఉంది, గడియారపు బురుజు ఉంది. చుట్టూ కొత్త అపార్టుమెంట్లు లేచాయి. ఎవరో బాల్కనీలో బట్టలారేస్తున్నారు. గాలిలో ఏ వాసనా లేదు.

అమ్మకి వీడియో కాల్ చేశాను. ఫోన్ తిప్పి పొగగొట్టం చూపించాను. “ఉండు ఉండు” అని వంటింట్లోకి వెళ్లింది. కందిపొడి సీసా పట్టుకొచ్చి తెర దగ్గర పెట్టింది. మూత మారింది, కాగితం ఎప్పుడో ఊడిపోయింది. “ఆయన అక్కణ్ణించి తెచ్చిన సీసాయే. ఇంకోసారి చూపించు, రెండూ ఒకచోట చూస్తాను” అంది. సీసా అలా పట్టుకునే ఉంది, నేను పొగగొట్టం అలా చూపిస్తూనే ఉన్నాను.

ఇంతలో లండన్ బండి అనౌన్స్‌మెంట్ మొదలైంది. లాంగ్లీ, ఐవర్, వెస్ట్ డ్రేటన్...

“ఏంటే అది? చిన్నోడు చదివేవాడే, ఆ పద్యమా?” అంది అమ్మ. “ఉండనీ, అయిపోయేదాకా ఫోన్ పెట్టేయకు.”